గిగావాట్లు సరే, వాడకం లెక్క ఏది?

విశాఖలో డేటా సెంటర్ల మాట ఎత్తగానే ముందుకొచ్చే అంకెలు రెండే: ఎన్ని ఎకరాలు, ఎన్ని మెగావాట్లు. ఏఐ హబ్ కోసం ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామని 2025 అక్టోబర్ 14న గూగుల్ ప్రకటించాక గిగావాట్ అన్న మాట మద్దిలపాలెం టీకొట్లలోనూ వినిపిస్తోంది. పరవాడ దగ్గరి సింహాద్రి థర్మల్ కేంద్రం పూర్తి సామర్థ్యం 2,000 మెగావాట్లు. గిగావాట్ అంటే అందులో సరిగ్గా సగం. అంత కరెంటుతో నడిచే యంత్రాలు ఎంతసేపు పనిచేస్తాయి, ఎంతసేపు పనిలేకుండా వేడెక్కుతూ ఉంటాయి? ఎకరాల కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది.

కంప్యూటర్ రంగానికి ఈ లెక్క కొత్తేం కాదు. 1960ల్లో మెయిన్‌ఫ్రేమ్, అంటే సంస్థ మొత్తం వాడుకునే పెద్ద కంప్యూటర్, లక్షల డాలర్ల సరుకు. చాలా సంస్థలు నెలవారీ అద్దెకే తెచ్చుకునేవి. అది ఖాళీగా ఉన్న ప్రతి గంటా డబ్బు పోయినట్టే. ఆ రోజుల్లో అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో, ఐబీఎం సైంటిఫిక్ సెంటర్‌లో రాబర్ట్ క్రీసీ, లెస్ కోమోల బృందం సాహసమైన దారి పట్టింది. ఒకే యంత్రం మీద కూర్చున్న ఒక్కొక్కరికీ ఏకంగా ఒక పూర్తి కంప్యూటర్ తన చేతిలో ఉన్నట్టే కనిపించేలా చేసింది. హార్డ్‌వేర్‌లో మార్పులు చేసిన సిస్టమ్/360 మోడల్ 40 మీద వాళ్ల కంట్రోల్ ప్రోగ్రామ్ సీపీ-40 1967 జనవరి నాటికి రోజువారీ వాడకంలోకి వచ్చింది. ఒక్క యంత్రంలో 14 వర్చువల్ మెషీన్లు, అంటే అసలు కంప్యూటర్లలా కనిపించే 14 వాటాలు.

ఈ పంపకం ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే తర్వాత వచ్చిన క్లౌడ్, అంటే ఇంటర్నెట్ మీద కంప్యూటర్లను అద్దెకిచ్చే వ్యాపారం, అంతా దీని మీదే నిలబడింది. అసలు డిస్క్‌లోంచి కొన్ని సిలిండర్లు (డిస్క్‌లో వరస నంబర్లుండే భాగాలు) విడదీసి ఒక్కో వర్చువల్ మెషీన్‌కి మినీడిస్క్‌గా ఇస్తారు. తన డిస్క్ సున్నా నంబరు సిలిండర్‌తోనే మొదలైందని ఆ మెషీన్ నమ్ముతుంది. అసలు డిస్క్ మీద అది 120వ సిలిండర్ కావచ్చు. చదవమనో రాయమనో అది ఆదేశం ఇవ్వగానే కంట్రోల్ ప్రోగ్రామ్ మధ్యలో అందుకుని 120 కలిపి కిందకి పంపుతుంది. హద్దు దాటబోతే అక్కడే ఆపేస్తుంది. ప్రాసెసర్ దగ్గరా ఇదే కాపలా. కూడికలు, పోలికలు లాంటి మామూలు ఆదేశాలు నేరుగా హార్డ్‌వేర్ మీదే పూర్తి వేగంతో నడిచిపోతాయి. యంత్రం మొత్తాన్ని కదిపే ప్రివిలేజ్డ్ ఆదేశం వస్తే మాత్రం హార్డ్‌వేర్ దాన్ని ఆపి పగ్గాలు కంట్రోల్ ప్రోగ్రామ్‌కి అప్పగిస్తుంది. ఆ పని ఫలితం ఆ ఒక్క మెషీన్‌కే పరిమితమయ్యేలా చూసి, మళ్లీ నడవనిస్తుంది. ఇల్లు ఒకటే, వాటాలు వేరు. పక్క వాటా కుప్పకూలినా ఈ గోడకు బీట పడదు.

ఇదే పద్ధతిలో నడిచే వీఎం/370ని ఐబీఎం 1972లో ప్రకటించింది. 1988లో దాని 3090 మెయిన్‌ఫ్రేమ్ శ్రేణికి యంత్రాన్ని విభాగాలుగా పంచే పీఆర్/ఎస్ఎం వచ్చి, ఆ గోడలను యంత్రంలోనే భాగం చేసింది. ఈ విభాగాలనే ఎల్‌పార్ అంటారు. నాకు వీటిలో అన్నిటికంటే నచ్చేది వెయిట్ల పద్ధతి. లావాదేవీల విభాగానికి 70, పరీక్షల విభాగానికి 30 అని రాసిపెట్టారనుకుందాం. ఇద్దరికీ ఒకేసారి ప్రాసెసర్ కావాల్సి వస్తే ఆ నిష్పత్తిలోనే పంచుతారు. ఒకరికి పనిలేకపోతే ఆ వాటా రెండోవాళ్లు వాడుకోవచ్చు. పరిమితి పెట్టకపోతే ప్రాసెసర్ వృథాగా కూర్చునే అవకాశం చాలా తగ్గుతుంది. బ్యాంకుల మెయిన్‌ఫ్రేమ్‌లు 90 శాతం పైన నిండుగా నడవడం వెనక ఉన్నది ఇదే.

మధ్యలో చవక సర్వర్ల కాలం వచ్చింది. ఒక అప్లికేషన్‌కి ఒక పెట్టె అన్నారు. పైగా ఈ సర్వర్లలో ఉండే ఎక్స్86 రకం ప్రాసెసర్లలో కొన్ని సున్నితమైన ఆదేశాలను హార్డ్‌వేర్ ఆపకుండా చూసీచూడనట్టు వదిలేసేది, అందుకే వాటిని విభజించడం కష్టమైంది. 1999లో వీఎంవేర్ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ బలంతో ఆ అడ్డంకిని దాటింది. ప్రాసెసర్లు చేసే ఇంటెల్ 2005లో, ఏఎండీ 2006లో హార్డ్‌వేర్ సాయం జోడించాయి. మెయిన్‌ఫ్రేమ్‌కి తెలిసిన విద్య చవక సర్వర్‌కి చేరేసరికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

అయినా వృథా ఆగలేదు. గూగుల్‌లోనే పనిచేసిన లూయిజ్ బరోసో, ఉర్స్ హోల్జ్‌లే 2007లో రాసిన పరిశోధన వ్యాసంలో తమ సర్వర్లు ఎక్కువ సమయం 10 నుంచి 50 శాతం వాడకంలోనే ఉంటున్నాయని చూపించారు. అంతకంటే బాధ కలిగించే విషయం, దాదాపు ఏ పనీ చేయని సర్వర్ కూడా గరిష్ఠ స్థాయిలో తాగే కరెంటులో సుమారు సగం తాగుతుందని తేలడం. ఆ తర్వాత చిప్‌లు మెరుగయ్యాయి, ఖాళీగా ఉన్నప్పటి ఖర్చు తగ్గింది. పూర్తిగా పోలేదు.

డేటా సెంటర్ కంపెనీలు గర్వంగా చూపించే అంకె పీయూఈ. కేంద్రం మొత్తం వాడిన కరెంటును కంప్యూటర్ పరికరాలు వాడిన కరెంటుతో భాగిస్తే వచ్చేది. 1కి ఎంత దగ్గరైతే అంత మంచిదంటారు. కూలింగ్ ఎంత బాగుందో ఇది చెబుతుంది, సర్వర్ ఏం చేస్తోందో చెప్పదు. ఒక ఊహాలెక్క చూడండి. పరికరాలకు 1,000 కిలోవాట్లు, కూలింగ్ వగైరాలకు 100. పీయూఈ 1.10. పనిలేని సర్వర్లను ఆపి పరికరాల వాడకాన్ని 700కి దించారు, కూలింగ్ 80కి తగ్గింది. మొత్తం 320 కిలోవాట్లు మిగిలాయి. పీయూఈ మాత్రం 1.11కి పెరిగి, అధ్వానమైనట్టు కనిపిస్తుంది! మంచి పని చేసినవాడికి తక్కువ మార్కులు వేసే కొలత ఇది. ఈ ఒక్క అంకె చూసి రాయితీలు ఇవ్వడం ప్రజల సొమ్ముకు న్యాయం కాదు.

పెద్ద క్లౌడ్ కంపెనీలు యంత్రాలను ఎలాగూ నిండుగానే వాడతాయి, అది వాళ్ల లాభం కోసమే కదా అన్న వాదన ఉంది. అందులో నిజముంది. కానీ కస్టమర్ అద్దెకు తీసుకుని మర్చిపోయిన వర్చువల్ మెషీన్ కంపెనీ లెక్కలో అమ్ముడైనట్టే. దానికి డబ్బు వస్తూనే ఉంటుంది. గోడలు కట్టినంత మాత్రాన గదులు నిండవు. ఏఐ చిప్‌ల దగ్గర ఇది ఇంకా బరువైన ప్రశ్న. మోడల్ శిక్షణకు చిప్‌లు మొత్తంగా కావాలి. ప్రశ్నలకు జవాబులిచ్చే చిన్న పనులకు చాలాసార్లు అంత అవసరం ఉండదు. ఎన్‌విడియా 2020లో తెచ్చిన ఏ100 చిప్‌ను ఏడు భాగాలుగా విడదీసి వాడుకోవచ్చు. 1967 నాటి ఆలోచనే ఇక్కడికీ వచ్చింది.

సర్వర్ల వాడకాన్ని కొలవడానికి అంతర్జాతీయ ప్రమాణం 2017 నుంచే ఉంది: ఐఎస్ఓ/ఐఈసీ 30134-5. కొత్తగా ఏదీ కనిపెట్టనక్కర్లేదు. భూమి, కరెంటు, నీటి రాయితీలు ఇచ్చే ప్రతి ఒప్పందంలో పీయూఈ పక్కనే ఈ అంకెనూ మూడు నెలలకోసారి బయటపెట్టాలని ప్రభుత్వం షరతు రాయొచ్చు. కంపెనీలు చెప్పుకుంటున్నట్టు యంత్రాలు నిండుగా నడుస్తుంటే వాళ్లకు ఇబ్బందేమీ ఉండదు. ఖాళీ సర్వర్‌ని చల్లబరచడానికీ విశాఖ నీళ్లే వాడాల్సి వస్తే, అది ఎంతో తెలుసుకునే హక్కు ఏలేరు కాలువ నీటి మీద ఆధారపడే ఈ ఊరికి ఉంది. సంతకాలయ్యాక అడిగితే వ్యాపార రహస్యం అంటారు. అందుకే ఇప్పుడే అడగాలి.