‘ఆ రోజులే వేరు’ గారికి ఒక విన్నపం

శ్రీ ‘ఆ రోజులే వేరు’ గారికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. ఏటా 500 మైళ్ల కార్ల రేసు ఇండీ 500 జరిగే మే నెల వచ్చిందంటే అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో మీకున్నంత ఆరోగ్యం ఇంకెవరికీ ఉండదు.

మొన్నామధ్య ఇండీ 500 చూడ్డానికి వెళ్లినప్పుడు మీరు నా పక్క సీటు పెద్దాయన నాలుక మీద కూర్చుని వచ్చారు, గుర్తుందా? ఆయనకి డెబ్బై దాటి ఉంటాయి. వెలిసిపోయిన టోపీ, చెవులకి హెడ్‌సెట్, కాళ్ల దగ్గర ఐస్ పెట్టె. కార్లు గంటకి 220 మైళ్ల పైన పోతుంటే కూర్చున్న బల్ల వణుకుతోంది, నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఆయన హెడ్‌సెట్ ఒక పక్కకి జరిపి, “ఇదీ ఒక చప్పుడేనా బాబూ! మా రోజుల్లో రేసు కార్లకుండే ఆఫెన్‌హౌజర్ ఇంజిన్ వినాలి నువ్వు” అన్నారు. ఆ ఇంజిన్ గొప్పతనం ఆయన చెప్పి, నేను విని, ఇద్దరం తలెత్తేసరికి ముందున్న కారు మారిపోయింది. ఎవరు ఎవర్ని ఎక్కడ దాటారో ఇద్దరికీ తెలీదు.

ఇంతకీ మీ అసలు వయసెంతండీ? పెద్దాయన్ని అడిగితే 1964 దాకానే అన్నారు. ఇంజిన్ ముందుండే రోడ్‌స్టర్‌తో ఎ.జె. ఫోయిట్ గెలిచిన ఏడాది అది. ఆ తర్వాత అలాంటి కారు మళ్లీ గెలవలేదు. ముందు వరసలో ఉన్న ఆయన కొడుకు వెనక్కి తిరిగి, “ఊరుకో నాన్నా, అసలు రేసింగంటే 1995 వరకు” అన్నాడు. నాకర్థమైంది ఏంటంటే, ఎవరి స్వర్ణయుగమైనా వాళ్ల నాన్న టికెట్టు కొన్నన్నాళ్లే.

అప్పట్లో పోటీలు హోరాహోరీగా ఉండేవని మీరు చెప్పే సంగతికొద్దాం. 1965లో జిమ్ క్లార్క్ ఇంజిన్ వెనకున్న లోటస్ కారుతో వచ్చి 200 ల్యాపుల్లో (ల్యాపంటే ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) 190 ల్యాపులు తనే ముందున్నాడు. మిగతావాళ్లు ఆయన వీపు కూడా సరిగా చూసినట్టు లేదు. 1989లో ఎమర్సన్ ఫిట్టిపాల్డీ, అల్ అన్సర్ జూనియర్ 199వ ల్యాపులో చక్రం చక్రం రాసుకున్నారు. నిజంగా ఒళ్లు గగుర్పొడిచే దృశ్యం, కాదనను. కానీ మూడో స్థానంలో వచ్చినాయన ఆరు ల్యాపులు వెనక ఉన్నాడని మీరు ఎప్పుడూ చెప్పరు. ఆరు ల్యాపులంటే 15 మైళ్లు, ఇంచుమించు సికింద్రాబాద్ స్టేషన్ నుంచి గచ్చిబౌలి అంత దూరం. 2013లో ఇదే ట్రాక్ మీద ముందున్న కారు 68 సార్లు మారిందండీ అంటే, పెద్దాయన ఐస్ పెట్టె తెరిచి శాండ్‌విచ్ వెతుక్కోవడం మొదలుపెట్టారు.

పోనీ అప్పట్లో టీవీలో చూశారా అంటే, 1986 దాకా దేశమంతా చూసే లైవే లేదు. అంతకు ముందు పదిహేనేళ్లు పగలు జరిగిన రేసుని రాత్రి వేసేవాళ్లు. చాలామంది రేడియోలో వింటూ ఊహించుకున్నవాళ్లే. ఊహలో ఏ కారూ ఆరు ల్యాపులు వెనకబడదు కదా.

ఇంకోటి. మీ ఆల్బమ్‌లో 1973 మే నెల ఎందుకు లేదు? ప్రాక్టీసులో ఆర్ట్ పొలార్డ్ పోయాడు. రేసు మొదలవుతూనే సాల్ట్ వాల్తర్ కారు కంచె మీదికెగిరి, మండుతున్న ఇంధనం ప్రేక్షకుల మీద పడింది. తర్వాత వాన. మూడో రోజు స్వీడ్ సావేజ్ కారు గోడకి కొట్టుకుని నిప్పంటుకుంది. అటు వెళ్తున్న ఫైరింజనే కార్లు ఆపి టైర్లు మార్చే పిట్ లేన్‌లో ఓ టీమ్ కుర్రాడిని గుద్ది చంపేసింది. 133వ ల్యాపులో మళ్లీ వానొస్తే రేసు అక్కడితో ముగించారు. సావేజ్ జూలైలో పోయాడు. ఆ తర్వాత కార్ల ఇంధన ట్యాంకులు, రెక్కలు చిన్నవి చేశారు. 2002లో గోడలకి దెబ్బని తట్టుకునే సేఫర్ బారియర్లు పెట్టారు. మీరేమో రేసుని మెత్తబరిచారని గోల పెడతారు. మెత్తబడింది గోడండీ.

మీరు అన్నీ అబద్ధాలే చెబుతారనడం లేదు. 1987లో అల్ అన్సర్ సీనియర్‌కి 47 ఏళ్లు, చేతిలో కారు లేదు. పెన్స్కే టీమ్ డ్రైవరొకాయన ప్రాక్టీసులో దెబ్బ తిన్నాడు. అప్పుడు పెన్సిల్వేనియాలో ఓ హోటల్ లాబీలో బొమ్మలా నిలబెట్టిన పాత కారుని తెచ్చి అన్సర్‌కి ఇచ్చారు. దాంతో గెలిచాడు! ఈ కథ మీరు ఎన్నిసార్లు చెప్పినా వింటాను. 1979లో టీమ్ యజమానులు పెట్టుకున్న కార్ట్ అనే రేసుల సిరీస్ మొదటి సీజన్లో వాట్కిన్స్ గ్లెన్ తప్ప అన్నీ ఓవల్సే, అంటే కోడిగుడ్డు ఆకారం ట్రాకులేనన్నదీ నిజమే. ట్రెంటన్, ఒంటారియో, నజరెత్ ఓవల్స్ ఇప్పుడు లేవన్నదీ నిజమే.

అయితే 1996లో ఈ రేసింగ్ ఇల్లు రెండు ముక్కలైంది ఎవరి పేరు చెప్పి? మీ పేరే! మళ్లీ ఓవల్స్, మళ్లీ మట్టి ట్రాకుల మీద పెరిగిన అమెరికా కుర్రాళ్లు, మళ్లీ ఆ రోజులు అంటూ ఇండీ 500 జరిగే స్పీడ్‌వే అధిపతి టోనీ జార్జ్ ఐఆర్ఎల్ అనే వేరే సిరీస్ పెట్టాడు. ఇండీలో ఉండే 33 స్థానాల్లో 25 తన సిరీస్ వాళ్లకేనన్నాడు. కార్ట్ వాళ్లు అలిగి, అదే రోజు మిషిగన్‌లో వేరే 500 మైళ్ల రేసు పెట్టుకున్నారు. అక్కడ పచ్చజెండా ఊపకముందే కార్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఆస్తి పంపకాల్లో అన్నదమ్ములు కూడా గుమ్మం దాకా ఆగుతారు. పన్నెండేళ్ల అరణ్యవాసం 2008లో ముగిసింది. వదిలిపోయిన జనాల అజ్ఞాతవాసం మాత్రం ఇంకా పూర్తవలేదు. అంటే తండ్రిగారి స్వర్ణయుగాన్ని తెస్తామని కొడుకుగారి స్వర్ణయుగాన్ని పగలగొట్టారన్నమాట. ఇప్పుడు ఇద్దరూ మీ దగ్గరికే వచ్చి ఏడుస్తున్నారు. మీ వ్యాపారం బాగుంది.

ఆఖరికి గెలిచినవాళ్లు తాగే ఆ పాల సీసా సంగతి కూడా అంతే. 1936లో గెలిచి లూయిస్ మేయర్ తాగింది మజ్జిగ. ఇప్పుడు పాలు తప్ప ఇంకేదీ పనికిరాదు. 1993లో ఫిట్టిపాల్డీ ముందుగా నారింజ రసం తాగాడని జనం గోలగోల చేశారు. మజ్జిగని తిరిగి పాలు చేయడం ఈ భూమ్మీద మీ ఒక్కరికే సాధ్యం.

చివరిగా విన్నపం. ఆఖరి అయిదు ల్యాపుల్లో పెద్దాయన హెడ్‌సెట్ తీసి పక్కన పడేశారు. ఆ మోకాళ్లతో బల్లెక్కి నిలబడి, పడిపోకుండా నా భుజం పట్టుకుని, చిన్నపిల్లాడిలా అరిచారు. ఫోయిట్ లేడు, ఆఫెన్‌హౌజర్ లేదు, మీరూ లేరు. ఆ కాసేపూ ఎక్కడికి వెళ్లారో కానీ, వచ్చే మే నెలలో మొదటి 195 ల్యాపులకి కూడా దయచేసి అక్కడే ఉండండి.

ఇట్లు,
మీ పక్క సీటు