తడబడే యంత్రం కావలెను

అనువాద యంత్రాలు బాగుపడిపోతున్నందుకు తీవ్ర ఆందోళనతో ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఒకప్పుడు వాటి తెలుగు చూస్తే నవ్వొచ్చేది. ఇప్పుడు చూస్తే నమ్మబుద్ధేస్తోంది. ప్రమాదం ఈ రెండోదే.

పాత యంత్రానికి దాపరికం తెలియదు. నీళ్ళు పోయకుండా కుక్కర్‌ను స్టవ్ మీద పెట్టవద్దని కంపెనీవాడు ఇంగ్లిష్‌లో హెచ్చరించాడనుకోండి. అది "లేకుండా నీరు కుక్కర్ పెట్టు కాదు మీద పొయ్యి" అనేది. కోడలు తల పట్టుకుని అత్తగారికి ఫోన్ చేసేది. వంటిల్లు క్షేమం. కొత్త యంత్రం ఆ 'వద్దు'ను మింగేసిన రోజున మాత్రం "నీళ్ళు పోయకుండానే కుక్కర్‌ను నిశ్చింతగా స్టవ్ మీద పెట్టుకోవచ్చు" అంటుంది. ఎంత చక్కటి తెలుగు! ఇక అత్తగారితో పనేముంది? ఫోనేదో ఫైరింజన్‌కే చేసుకోవచ్చు.

ఈ పాండిత్యం ఊరికే అబ్బలేదు. 1954లో న్యూయార్క్‌లో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం, ఐబీఎం కలిసి 250 మాటలు, 6 సూత్రాలతో రష్యన్ వాక్యాలను ఇంగ్లిష్‌లోకి మార్చి చూపించాయి. మూడు నుంచి అయిదేళ్లలో పని పూర్తవుతుందన్నారు. 1966లో అమెరికా ప్రభుత్వ సంఘమే పెదవి విరిచింది, నిధులు ఎండిపోయాయి. చివరికి 2016లో గూగుల్, మెదడు నరాల అల్లికను అనుకరించే న్యూరల్ పద్ధతికి మారింది; మరుసటి ఏడాది తెలుగుకూ ఆ భాగ్యం దక్కింది. ట్రాన్స్‌ఫార్మర్ అనే కొత్త న్యూరల్ నమూనా వచ్చిందీ 2017లోనే. కరెంటు స్తంభం మీదిది కాదు లెండి, ఇది పేలినా చప్పుడు రాదు.

యంత్రం చేసే పని చూడండి. తర్వాత ఏ మాట రావచ్చో లెక్కగట్టి, నూటికి నూరు శాతాన్నీ తనకు తెలిసిన మాటలకే పంచిపెడుతుంది. 'నాకు తెలియదు' అనే పద్దుకు పైసా కేటాయింపు ఉండదు. అందుకే 2018లో గూగుల్‌కు 'డాగ్' అన్న మాటనే వరసగా కొట్టి, అది న్యూజిలాండ్‌లోని మావోరీ భాష అని చెబితే, లోకాంతం దగ్గరపడిందనీ, యేసు తిరిగి వస్తున్నాడనీ సెలవిచ్చింది. మావోరీలో రాతలు తక్కువై, యంత్రాన్ని మతగ్రంథాలతో చదివించి ఉంటారని పరిశోధకుల అనుమానం. అయినా ఆ వాక్యాల్లో తడబాటెక్కడ? కుక్క మాత్రం లేదు, అంతే.

కాబట్టి ప్రభుత్వానికి నా మనవి. మందుల చీటీలకు, బ్యాంకు షరతులకు, కోర్టు కాగితాలకు పాత యంత్రాలనే తిరిగి నియమించాలి. కుదరకపోతే, కొత్తవాటికి అనుమానం వచ్చినచోట నీళ్ళు నమలడం నేర్పాలి.

ఇంజనీర్లు ఇప్పటికే భరోసా ఇస్తున్నారు. అనువాదం ఎంతవరకు నమ్మదగిందో చూసి మార్కులు వేయడానికి వేరే ఏర్పాటు ఉందట. విచారిస్తే, అదీ ఇదే జాతి న్యూరల్ యంత్రమేనని తేలింది. మార్కులు మాత్రం దశాంశాలతో సహా వేస్తుందట.