నత్తను చూసి సిగ్గుపడిన జాతి

తెలుగు జాతికి ఈ మధ్య వచ్చిపడిన ఒక పెద్ద కష్టం ఇంకా శాసనసభ దాకా వెళ్ళలేదు. వియత్నాంలో ఒక సముద్రపు నత్త ఉంది. దాని పేరు ఒక్ వూ నాంగ్. ఒక్ అంటే నత్త, వూ అంటే రొమ్ము, నాంగ్ అంటే పడుచు. ఈ మూడు ముక్కల అర్థం తెలిసిన నాటి నుంచి మన యాత్రా వీడియోల వీరులకు కంటి మీద కునుకు లేదు.

నా పాలిట పడ్డ వీడియో నిడివి 22 నిమిషాలు. అందులో నత్త పేరు చెప్పి నవ్వడానికి 9 నిమిషాలు, ఆ నవ్వు ఆపుకోవడానికి దాదాపు మిగతాదంతా.

స్థలం కోన్ దావో. వియత్నాం దక్షిణ తీరానికి ఆవల 16 దీవుల గుంపు. సముద్రం ఒడ్డున హోటలు, బల్ల చుట్టూ మనవాళ్ళు ఎనిమిది మంది. మెనూ వాళ్ళ భాషలో ఉండటంతో ఒక పెద్దాయన ఫోను కెమెరా దాని మీద పెట్టి, తెరమీద వచ్చిన తెలుగును బిగ్గరగా చదివారు: "ఉల్లికాడల నూనెతో కాల్చిన యువతి రొమ్ము."

బల్ల నిశ్శబ్దమైపోయింది.

"మళ్ళీ చదవండి బాబాయ్" అన్నాడు వీరుడు, కెమెరా దగ్గరికి జరుపుతూ. ఆయన గొంతు సవరించుకుని మళ్ళీ చదివారు. పిన్నిగారు ఆ పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టి, "పక్క పేజీలో అన్నం ఉందేమో చూడండి" అన్నారు. పక్క పేజీలో అదే నత్తను పచ్చి ఆకులతో కలిపిన వంటకం. ఆ పక్కన అదే నత్తను ఉప్పులో ఊరవేసినది. బాబాయ్ ఒక్క అక్షరం వదలలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఏ ఫైలునైనా ఇంత శ్రద్ధగా చదివి ఉంటే రాష్ట్రం బాగుపడేది. వడ్డించే అమ్మాయి వచ్చి నిలబడేసరికి మాత్రం ఎనిమిది మందికీ నోరు పెగల్లేదు. వేలు పెట్టి చూపించారు. మెనూనే చూపించారని ఆశిస్తున్నాను.

ఇంతకీ పళ్ళెంలో వచ్చింది ఏమిటి? గొడుగు గుబ్బలా మొన తేలిన ఒంటి చిప్ప, లోపల ముత్యపు మెరుపు, బొగ్గుల మీద కాలిన కాస్తంత మాంసం, పైన వేరుశనగ పలుకులు, పక్కన ఉప్పు, మిరియాలు, నిమ్మరసం. ఈ జీవి బండను కరుచుకుని ఉంటుంది. ఆటు సమయంలో ఒక్క విసురుతో కత్తి దూర్చి లేపాలి. ముందే తాకారా, బిగుసుకుపోతుంది, ఇక ఊడదు. ఆ కత్తి పట్టిన మనిషి 22 నిమిషాల్లో ఎక్కడా లేడు. మనవాడు ఒకటి నమిలి "రబ్బరు" అని తీర్పు చెప్పాడు. మన పొలం గట్ల మీద నత్తగుల్లలు ఏరి కూర వండుకునేవాళ్ళను చూసినా ఇలాగే ముక్కు మూసుకుంటాడు కాబట్టి, ఇందులో పక్షపాతం లేదు.

మనకెందుకీ సిగ్గు? మన ప్రబంధ కవులు ఇదే అవయవానికి కొండలు తెచ్చారు, బంగారు కలశాలు తెచ్చారు, జక్కవ పక్షుల జంటలు తెచ్చారు, చాలక ఏనుగు కుంభస్థలాలు మోసుకొచ్చారు. పాపం వియత్నాం జాలరి తెచ్చింది ఒక్క నత్త.

ఇంతవరకూ నవ్వాను. ఇక నవ్వలేను.

ఆ ఊళ్ళోనే జైలుంది. 1862లో ఫ్రెంచివాళ్ళు మొదలుపెట్టారు, చేతులు మారి 1975 దాకా నడిచింది. 113 ఏళ్ళు! 'పులి బోనులు' అని కొట్లు కట్టారు. పైన కప్పు బదులు ఇనుప కడ్డీలు, కడ్డీల మీద కాపలావాళ్ళ బూట్లు, కింద మనుషులు. ఆకలని అరిస్తే పైనుంచి సున్నం పోసేవాళ్ళు. నత్తకు నిమ్మరసం, మనిషికి సున్నం. కూరగాయ ముక్క దొరక్క ఖైదీలు నాటు బాదం చెట్ల లేతాకులు నమిలారు. ఆ బాదం పలుకుల పొట్లాలే మనవాడు అత్తగారికి కొన్నాడు. 1970లో ఇద్దరు అమెరికా కాంగ్రెస్ సభ్యులు వెళ్ళి చూసి, వాళ్ళ వెంట ఉన్న టామ్ హార్కిన్ తీసిన ఫోటోలు లైఫ్ పత్రికలో వచ్చేదాకా ఆ బోనుల సంగతి బయటి లోకానికి పట్టలేదు. ఇప్పుడు తలుపులు తీసి, టికెట్టు ఇచ్చి, లోపలికి రమ్మంటే వీడు ఉన్నది 11 సెకన్లు. "లోపల చూడటానికి ఏమీ లేదు ఫ్రెండ్స్, ఉక్కగా ఉంది" అన్నాడు. ఉక్కగా ఉందట!

పడుచు కావాలా? ఖైదీల శ్మశానంలో ఉంది. ఫ్రెంచివాళ్ళ మీద గ్రెనేడు విసిరిన పిల్ల. 1952 జనవరిలో ఈ దీవికి తెచ్చి కాల్చి చంపారు. ఇరవై ఏళ్ళు నిండలేదు. వియత్నాం జనం అర్ధరాత్రి కూడా వెళ్ళి ఆమె సమాధి ముందు దువ్వెనలు, అద్దాలు పెట్టి వస్తారు, వయసులో పోయిన పిల్ల కదా అని.

వీడియో చివర "మీకు తెలిసిన వియత్నాం స్పెషల్ ఏదైనా ఉంటే కింద రాయండి" అన్నాడు వీరుడు. ఆ పిల్ల పేరు రాశాను: వో థి సావ్.

పది నిమిషాల్లో జవాబు వచ్చింది. "థాంక్స్ అన్నా. కాల్చి తినాలా, ఉడికించాలా?"