జీతం లెక్క సభ ముందే తేలాలి

సంక్రాంతికి అమలాపురంలో జరిగిన, అమెరికాలో ఉంటున్న మన సంఘం సర్వసభ్య సమావేశంలో, అందరూ ఆత్రేయపురం పూతరేకుల హడావిడిలో ఉండగా ఒక తీర్మానం పాసైపోయింది. ఇక నుంచి సంఘం సిబ్బంది జీతాలు, కార్యవర్గం ప్రయాణ భత్యాలు అధ్యక్షులవారు వేసే కమిటీయే తేలుస్తుందట. ఏ లెక్కన, ఎంతవరకు అని అడిగితే వేదిక మీద నుంచి "పార్లమెంటే అలా చేసుకుంది, మనమెంతండీ" అన్నారు. సభ నవ్వింది. నాకు చురుక్కుమంది.

పార్లమెంటు అలా చేసుకోలేదు. ఎంపీల జీతం పార్లమెంటే చట్టం ద్వారా నిర్ణయించాలని రాజ్యాంగం 106వ అధికరణం చెబుతోంది. లక్ష రూపాయలని, అయిదేళ్లకోసారి ద్రవ్యోల్బణ సూచీని బట్టి పెంచాలని 2018లో చట్టంలోనే రాసుకున్నారు. 2025లో అది 1,24,000 అయిందంటే ప్రభుత్వం చేసింది లెక్క కట్టడమే. చట్టసభ తన అసలు పనిని ఇంకొకరికి అప్పగించకూడదని సుప్రీంకోర్టు 1951లోనే ఢిల్లీ చట్టాల వ్యవహారంలో చెప్పింది.

మనం ఉంటున్న అమెరికాలో కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యుల జీతాల మీద 1967లో చేసిన చట్టం కాస్త దూరం వెళ్లింది. జీతాల కమిషన్ సిఫారసు మీద అధ్యక్షుడు ప్రతిపాదిస్తే, కాంగ్రెస్ కాదనకపోతే అది అమలయ్యేది. కోర్టులు దాన్ని కొట్టెయ్యలేదు, నిజమే. కానీ 1989లో 51 శాతం పెంపు మీద జనం గోలెత్తితే కాంగ్రెస్ ఓటేసి ఆపింది. మనవాళ్లు ఆ దారి కూడా ఉంచలేదు.

కొత్తపేట దగ్గర మా ఊళ్లో కాలువ కాపలా మనిషికి ఎకరానికి ఎన్ని కుంచాల ధాన్యమో రావిచెట్టు కింద రైతులంతా కూర్చుని తేల్చేవారు. కేకలు, తిట్లు, ఎప్పటివో గట్టు తగాదాలు. ఆ మనిషిని ఎదురుగా నిలబెట్టి బేరమాడేవారు, అది నాకిప్పటికీ నచ్చదు. ఒక ఏడు మునసబుగారు "నాకొదిలెయ్యండి, నేను చూసుకుంటా" అన్నారట. మా తాతయ్య లేచి "కొలిచేది తమరే కొలవండి, ఆయ్. ఎన్ని కుంచాలో మాత్రం మేం చెబుతామండి" అన్నాడని నాన్న ఎన్నిసార్లు చెప్పాడో. మునసబుగారు మా తాతయ్యతో చాలాకాలం మాట్లాడలేదట.

కమిటీ వద్దనను. ఆఫీసు చూసుకునే అమ్మాయికి జీతం పెంచాలంటే ఏడాది సభ దాకా ఆగమనడం అన్యాయం. ఉగాది సమావేశంలో రెండు మాటలు చేర్చమంటున్నానంతే. ఏడాదికి ఎంత శాతం మించకూడదో సభ చెప్పాలి. కార్యవర్గం భత్యం పెంచితే అది తర్వాతి ఎన్నికలయ్యాకే అమలవ్వాలి. అమెరికా రాజ్యాంగంలో 1992లో చేరిన 27వ సవరణ కాంగ్రెస్ సభ్యులకు పెట్టిన షరతు ఇలాంటిదే. ముసాయిదా రాసి ఉంచాను. బలపరచడానికి ఇంకో సభ్యుడి సంతకం కావాలి, దయచేసి ఎవరైనా ముందుకు రండి.