ఏం కాదులే, అర వేసుకో!

మా గుంటూరు పెళ్ళిళ్ళలో వక్కపొడి తర్వాత అంత ధారాళంగా పంచేది ఏదైనా ఉందంటే అది అల్ప్రాజోలం, ఆందోళన తగ్గడానికీ నిద్ర పట్టడానికీ వేసుకునే బిళ్ళ.

మొన్న బ్రాడీపేటలో ఒక పెళ్ళి. విడిదింట్లో పెళ్ళికూతురి తల్లికి గుండె దడ. పెద్దమ్మగారు హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, స్ట్రిప్పు తీసి, బిళ్ళని గోటితో విరిచి, "ఏం కాదులే వదినా, అర వేసుకో. ఏడేళ్ళుగా వాడుతున్నా, నాకేమైంది?" అన్నారు. మిగతా సగానికి అక్కడికక్కడే గిరాకీ. కోడలికి ప్రయాణపు బడలిక, ఆమెకో పావు. బాబాయికి వియ్యాలవారి మీద కోపం, ఆయనకో పావు. పెద్దమ్మగారు పరీక్ష చేయకుండా మందిచ్చే రకం కాదు, ప్రతి ఒక్కరినీ "భోంచేశావా?" అని అడిగే ఇచ్చారు. బాబాయి అప్పటికే షామియానా వెనక రెండు పెగ్గులు భోంచేసి ఉన్నాడు. ఈ బిళ్ళా మద్యమూ కలిస్తే ఊపిరి మందగించి మనిషే పోవచ్చని డాక్టర్లు మొత్తుకుంటారు. వాళ్ళని పెళ్ళికి పిలిచిందెవరు?

ఈ మందు షెడ్యూల్ హెచ్1లో, అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని మందుల జాబితాలో ఉంది. చీటీ చూసి, డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారో రాసి, ఆ రిజిస్టరు 3 ఏళ్ళు దాచాలని 2014 నుంచి రూలు. మా వీధి షాపులో దాస్తున్నారు. ఎంత భద్రంగా అంటే, ఇంతవరకూ అందులో ఒక్క గీత పడలేదు. పెద్దమ్మగారి చీటీ ఇంకా భద్రం. డాక్టరు పది రోజులకని రాసిన ఆ కాగితానికి లామినేషన్ చేయించారు.

పెళ్ళయ్యాక వాళ్ళబ్బాయి ఫోన్లో ఏదో వీడియో చూశాడు. "అమ్మా, నువ్వు దీనికి బానిసయ్యావు" అంటూ స్ట్రిప్పులన్నీ ఒక్కపూటలో చెత్తబుట్టలో పోశాడు. మర్నాటి నుంచి నిద్ర లేదు, వణుకు, చెమటలు. మూడో రోజు ఫిట్స్. ఇంటిల్లిపాదీ పరిగెత్తుకొచ్చి చేసిన వైద్యం, చేతిలో తాళాలగుత్తి పెట్టడం.

తాళాలు! ఏళ్ళ తరబడి వేసుకున్న మందు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చని, డాక్టరు చెప్పిన లెక్కన వారాలో నెలలో పట్టినా కొద్దికొద్దిగానే తగ్గించుకు రావాలని ఇద్దరు ఇంజినీర్లున్న ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. కిలో వంకాయలకి నాలుగు బళ్ళు తిరుగుతారు. అమ్మ రోజూ రాత్రి ఏం మింగుతోందో ఏడేళ్ళలో ఒక్కడూ అడగలేదు. బాత్రూంలో తూలి పడితే వయసన్నారు. మతిమరుపొస్తే వయసన్నారు. సిగ్గుండక్కర్లా?

ఇప్పుడు ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరమ్మ అదే మందు మళ్ళీ మొదలుపెట్టి మెల్లగా తగ్గిద్దామంటే, ఆ సుపుత్రుడు ఆవిడకి ఫోన్ తీసి వీడియో చూపిస్తున్నాడు.