ఊరికే కూర్చోవడానికి కావలసిన పత్రాలు

పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళకు మా వారూ నేనూ జెనీవా వెళ్ళి, సరస్సు ఒడ్డున మూడు రోజులు ఊరికే కూర్చుని రావాలన్న దురాలోచన చేశాము. ఇందుకు ఒక బల్ల, ఎదురుగా కొంత నీరు ఉంటే చాలుననుకున్న మా అజ్ఞానాన్ని, స్విట్జర్లాండుతో సహా చాలా యూరపు దేశాలకు ఒక్కటే అయిన షెంజెన్ వీసా దరఖాస్తు పోగొట్టింది. తలా 90 యూరోల రుసుము సరే. 30,000 యూరోలకు తగ్గని బీమా, అందులో ఆ అందానికి తట్టుకోలేక అక్కడే పోతే శవాన్ని ఇంటికి చేర్చే ఖర్చుతో సహా, అదీ సరే. మేము చతికిలబడినది రోజువారీ కార్యక్రమ పట్టిక దగ్గర.

మొదటి రోజుకు ఎదురుగా "ఒడ్డున కూర్చొనుట" అని రాసి ఇస్తే, మా ఫైలు సర్దుతున్న ఏజెంటు కుర్రవాడు దానిని రెండుసార్లు చదివాడు.

"కూర్చుని ఏం చేస్తారు మేడమ్?"

నీళ్ళు చూస్తామన్నాను.

"ఎంతసేపు?"

మధ్యాహ్నం దాకా అన్నారు మా వారు.

"ఆ తరువాత?"

అవే నీళ్ళు, కాకపోతే నీడ జరుగుతుంది కనుక అవతలి బల్ల మీద నుంచి.

అతను నిట్టూర్చి మా దాంపత్యానికి ఉద్యోగం కల్పించాడు. పదింటికి 140 మీటర్లు ఎగసే జే దో ఫౌంటెను, పదకొండున్నరకు పూల గడియారం, మధ్యాహ్నం ఐక్యరాజ్య సమితి భవనం ఎదుటి కుర్చీ. పట్టిక మొత్తంలో కుర్చీ అన్న మాట వచ్చినది అక్కడే. అదైనా మందుపాతరలకు వ్యతిరేకంగా నిలబెట్టిన, ఒక కాలు విరిగిన, 12 మీటర్ల కొయ్య శిల్పం. గాలి ఎక్కువైతే ఫౌంటెను ఆపేస్తారట, మరి ఆ గంట ఏం చేయాలని మా వారు భయపడితే, "దానికి కవరింగ్ లెటర్ రాద్దాం సార్" అన్నాడు.

1886లో ఆ ఫౌంటెను మొదలైనది షోకుకు కాదు. సాయంత్రం కార్ఖానాలలో యంత్రాలు ఆగితే గొట్టాలలో పెరిగే ఒత్తిడిని వదిలేందుకు. మేము వెళుతున్నదీ ఆ పనికేనని రాయడానికి దరఖాస్తులో గడి లేదు.

నా పాస్‌పోర్టులో పుట్టింటి పేరు ఉంది కనుక ఆయన పక్కన నేనెవరో నిరూపించుకోవాలి. తిరిగి వస్తామనీ నిరూపించుకోవాలి. అందుకని పిల్లల బడి కాగితాలను, తీరని ఇంటి అప్పును, మంచాన ఉన్న అత్తగారి వైద్య పత్రాలను "స్వదేశంతో బంధాలు" అన్న శీర్షిక కింద పేర్చి ఇచ్చాము. ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. మా అత్తగారి జబ్బు జతపరచవలసిన కాగితం కాదు. నాతోపాటు ఒకే కడుపున పుట్టిన మా చెల్లెలు అమెరికా పాస్‌పోర్టుతో టికెట్టు కొనుక్కుని వెళ్ళి వచ్చింది. అక్కడ ఎక్కడ కూర్చున్నావని దానిని అడిగిన నాథుడు లేడు. మాకు కాదంటే ఆ 180 యూరోలు వెనక్కి కూడా రావు.

ఫైలు ఇచ్చిన రోజున ఫోన్లు ఆపించి, వీసా కేంద్రం హాలులో మా ఇద్దరినీ పక్కపక్కన రెండున్నర గంటలు కూర్చోబెట్టారు. మాకు చేయడానికి ఏ పనీ లేదు. ఎదురుగా నీళ్ళ డబ్బా ఒకటి ఉంది.