ఫైనల్ పదకొండు టిక్కులతో తేలదు

పెద్ద ఫుట్‌బాల్ ఫైనల్ ఏది దగ్గరపడినా ఒక పట్టిక చక్కర్లు కొట్టడం మొదలవుతుంది. ఎడమవైపు ఒక జట్టు, కుడివైపు ఇంకో జట్టు. గోల్‌కీపర్ దగ్గర మొదలుపెట్టి ముందు నిలిచి గోల్స్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్ దాకా పదకొండు వరసలు. ఒక్కో వరసలో ఇద్దరి పేర్లు, ఎవరు మేటో వారి పక్కన ఒక టిక్కు. కింద కూడిక, ఏడు నాలుగో, ఆరు ఐదో. ఆ కింద నాలుగు మాటలుంటాయి. టిక్కులు ఎక్కువ ఉన్న జట్టుదే కప్పు. రెండు జట్లూ సమానంగా ఉంటే, ఇద్దరు పెద్ద స్టార్లలో ఎవరిది పైచేయి అయితే వారిదే. ఇంకా అనుమానముంటే ఆ జట్లు గతంలో తలపడినప్పుడు ఎవరు గెలిచారో చూసుకోండి. ఇవన్నీ దాటి స్కోరు సమమై పెనాల్టీల దాకా వెళ్తే అది లాటరీ, దానికి విశ్లేషణ అనవసరం.

వేలమంది దీన్ని నిజమని నమ్మి పంచుకుంటున్నారు. అభిమానులు మ్యాచ్‌కు ముందు కూర్చుని లెక్కలు వేసుకోవడం ఈ ఆటలో నాకు చాలా ఇష్టమైన విషయం, అందుకే ఆ లెక్క తప్పుగా వేస్తుంటే చూస్తూ ఊరుకోలేకపోతున్నాను. ఆ నాలుగు మాటలనూ వరసగా చూద్దాం.

మొదటిది టిక్కుల లెక్క. ఈ పట్టిక ఒక గోల్‌కీపర్‌ను ఇంకో గోల్‌కీపర్‌తో పోటీకి పెడుతుంది. మైదానంలో వాళ్లిద్దరి మధ్య దాదాపు వంద మీటర్ల దూరం ఉంటుంది. ఆట మొత్తంలో ఒకరి ఆటను ఒకరు నేరుగా అడ్డుకునే సందర్భమే రాదు. కుడివైపు కాచే డిఫెండర్, అంటే రైట్ బ్యాక్‌కు, అవతలి రైట్ బ్యాక్‌తో పని లేదు. అతని మీదికి వచ్చేది ఎడమ అంచున దాడి చేసే అవతలి లెఫ్ట్ వింగర్, ఆ వింగర్ వెనకే పరుగెత్తుకొచ్చే లెఫ్ట్ బ్యాక్. సెంటర్ ఫార్వర్డ్‌కు ఎదురు నిలిచేది గోల్ ముందు మధ్యలో కాచే ఇద్దరు సెంటర్ బ్యాక్‌లు. అంటే పట్టికలో పెట్టిన పోటీల్లో చాలావరకు మైదానంలో జరగనే జరగవు. నిజంగా జరిగే పోటీలకు అందులో వరసే ఉండదు.

2022 డిసెంబర్ 18న ఖతార్‌లోని లుసైల్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్‌నే చూడండి. పట్టిక పద్ధతిలో అర్జెంటీనా రైట్ వింగర్ ఏంజెల్ డి మారియాను, ఫ్రాన్స్ రైట్ వింగర్ ఉస్మాన్ డెంబెలేను ఒకే వరసలో పెట్టి తూచాలి. డి మారియా నాకౌట్ దశలో అప్పటిదాకా ఆడింది క్వార్టర్ ఫైనల్ అదనపు సమయం చివర్లో కొద్ది నిమిషాలే. కాబట్టి ఆ వరసలో టిక్కు డెంబెలేకే పడుతుంది. కానీ కోచ్ లియోనెల్ స్కలోనీ డి మారియాను కుడివైపు ఆడించలేదు. ఎడమ గీత దగ్గరికి పంపాడు. అక్కడ అతని ఎదుట ఉన్నది జూల్ కుండే, స్వతహాగా సెంటర్ బ్యాక్, ఆ టోర్నీలో రైట్ బ్యాక్‌గా ఆడుతున్నవాడు. కుండేకు సాయంగా వెనక్కి రావాల్సింది డెంబెలే. దాడి చేయడంలో డెంబెలే దిట్టే, కానీ వెనక్కి వచ్చి ఒక వింగర్‌ను కాచుకోవడం అతని బలం కాదు. పట్టికలో పక్కపక్కన ఉన్న ఇద్దరు మైదానంలో ఎదురెదురయ్యారు, అదీ డెంబెలేకు చేతకాని పనిలో.

కాసేపటికే అదే జరిగింది. డి మారియా లోపలికి తిరిగి పెనాల్టీ బాక్స్‌లోకి వచ్చాడు, వెనకనుంచి డెంబెలే కాలు తగిలింది, పెనాల్టీ. 23వ నిమిషంలో మెస్సీ దాన్ని గోల్ చేశాడు. 36వ నిమిషంలో అర్జెంటీనా తన సగంలో బంతి అందుకుని కొద్ది పాస్‌లలోనే అవతలి గోల్ దాకా వెళ్లింది. మాక్ అలిస్టర్ కుడివైపు నుంచి అడ్డంగా పాస్ ఇచ్చేసరికి ఎడమవైపు డి మారియా దగ్గర్లో ఒక్కడూ లేడు. 2-0. 41వ నిమిషంలో, ఇంకా విరామం కూడా రాకముందే, ఫ్రాన్స్ కోచ్ దిదియే దెషాంప్ డెంబెలేను, సెంటర్ ఫార్వర్డ్ జిరూను ఇద్దరినీ బయటికి పిలిచేశాడు.

రెండో సగం కథ కూడా ఇలాంటిదే. 64వ నిమిషంలో డి మారియా బయటికి వెళ్లాడు. 71వ నిమిషంలో ఫ్రాన్స్ తరఫున కింగ్స్‌లీ కోమాన్ వచ్చాడు. అప్పటిదాకా ఊపిరాడని ఫ్రాన్స్‌కు 80వ నిమిషంలో ఎంబాపే పెనాల్టీ గోల్, ఆ మరుసటి నిమిషంలోనే రెండో గోల్. ఆ రెండో గోల్ మొదలైంది ఎక్కడంటే, కోమాన్ మెస్సీ కాళ్ల దగ్గర బంతి లాక్కోవడంతో. మ్యాచ్‌కు ముందు టిక్కులు పెట్టిన పదకొండు మందిలో కోమాన్ పేరు ఉండదు.

అసలు ఆ పదకొండు మందే దిగుతారన్న హామీ కూడా లేదు. 2014లో బ్రెజిల్‌లోని మరకానాలో జరిగిన ప్రపంచకప్ ఫైనల్‌కు జర్మనీ ప్రకటించిన జట్టులో మిడ్‌ఫీల్డర్ సామీ ఖెదీరా ఉన్నాడు. వార్మప్‌లో గాయమైంది. అతని బదులు క్రిస్టోఫ్ క్రామర్ దిగాడు. క్రామర్‌కు తలకు దెబ్బ తగిలింది, అరగంటకే బయటికొచ్చాడు. అతని స్థానంలో ఆంద్రే షుర్లే వచ్చాడు. 113వ నిమిషంలో ఎడమవైపు నుంచి బంతిని గాల్లోకి లేపి ఇచ్చింది ఆ షుర్లేనే. దాన్ని ఛాతీ మీద ఆపుకుని గోల్‌లోకి కొట్టింది మారియో గోట్సే, అతనూ 88వ నిమిషంలో క్లోజ బదులు వచ్చినవాడే. కప్పు తెచ్చిన గోల్‌లో పాస్ ఇచ్చినవాడు, కొట్టినవాడు ఇద్దరూ బెంచీ మీంచి వచ్చినవాళ్లే.

దీనికి జవాబుగా ఒక మాట వినిపిస్తుంది: మేటి ఆటగాళ్లు ఎక్కువ ఉన్న జట్టే ఎక్కువసార్లు గెలుస్తుంది కదా అని. నిజమే. 38 మ్యాచ్‌ల లీగ్‌లో ఆ మాట బాగానే నిలబడుతుంది, ఎందుకంటే ఒకరోజు తప్పితే ఇంకోరోజు సర్దుకుంటుంది. ఫైనల్ ఒక్కటే మ్యాచ్. పైగా గోల్స్ చాలా తక్కువగా పడే ఆట ఇది. 2010 ఫైనల్ 1-0, 2014 ఫైనల్ 1-0, రెండూ అదనపు సమయంలో తేలినవే. ఒక్క గోల్‌తో కప్పు చేతులు మారే చోట మొత్తం జట్టు ఎంత బలమైనదన్న లెక్క కన్నా, ఆ ఒక్క గోల్ ఏ సందులోంచి రావచ్చన్నదే అసలు ప్రశ్న.

రెండో మాట, స్టార్ వర్సెస్ స్టార్. ఇది ఎందుకంత జనానికి నచ్చుతుందో నాకు అర్థమవుతుంది. రెండు ముఖాలు, ఒక కప్పు, చూడటానికి బాగుంటుంది. కానీ ఒకే మ్యాచ్ దీన్ని పక్కన పెట్టేస్తుంది. అదే లుసైల్ ఫైనల్‌లో ఎంబాపే మూడు గోల్స్ చేశాడు, మెస్సీ రెండు. స్కోరు సమమయ్యాక కప్పు తేల్చిన పెనాల్టీ షూటౌట్‌లో ఇద్దరూ గురి తప్పలేదు. ఇద్దరి మధ్య పోటీగా చూస్తే ఎంబాపేదే పైచేయి. కప్పు ఎత్తింది మెస్సీ.

పురుషుల ప్రపంచకప్ ఫైనల్‌లో ఎంబాపేకు ముందు హ్యాట్రిక్ చేసినవాడు ఒక్కడే, 1966లో ఇంగ్లండ్ ఆటగాడు జెఫ్ హర్స్ట్. ఆ మ్యాచ్ కూడా ఇక్కడ చెప్పుకోదగిందే. ఇంగ్లండ్ మిడ్‌ఫీల్డ్‌కు ప్రాణం బాబీ చార్ల్‌టన్. పశ్చిమ జర్మనీకి ఆ టోర్నీలో వెలిగిన కుర్రాడు ఫ్రాంజ్ బెకెన్‌బవర్, ఫైనల్‌కు ముందే నాలుగు గోల్స్ చేశాడు. చార్ల్‌టన్‌ను వదలొద్దని బెకెన్‌బవర్‌కు కోచ్ పని అప్పగించాడు. చార్ల్‌టన్ కూడా బెకెన్‌బవర్‌ను వదల్లేదు. 120 నిమిషాలు ఒకరి వెంట ఒకరు తిరిగారు, ఇద్దరిలో ఎవరూ గోల్ చేయలేదు. ఇద్దరు స్టార్లూ ఒకరినొకరు కట్టేసుకున్నారు కాబట్టి మ్యాచ్ మిగతావాళ్ల చేతుల్లోకి వెళ్లింది. మూడు గోల్స్ చేసిన హర్స్ట్ టోర్నీ మొదట్లో ఆడే పదకొండు మందిలోనే లేడు. జిమ్మీ గ్రీవ్స్ గాయపడితే క్వార్టర్ ఫైనల్‌లో అతనికి చోటు దొరికింది.

స్టార్ మీద దృష్టి పెట్టొద్దని కాదు. స్టార్‌ను ఆపడానికి అవతలి జట్టు ఎంతమందిని ఖర్చు చేస్తుంది, దానివల్ల ఎవరికి ఖాళీ దొరుకుతుంది అన్నది చూడాలి. ఆ ఖాళీ పేరు ఏ పోస్టర్ మీదా ఉండదు.

మూడోది గతంలో తలపడిన మ్యాచ్. ఇందులో కొంత నిజముంది. 2004 యూరోలో, అంటే యూరప్ దేశాల కప్పులో, గ్రీస్ తొలి మ్యాచ్‌లో పోర్చుగల్‌ను 2-1తో ఓడించింది, అదే పోర్చుగల్‌ను ఫైనల్‌లో 1-0తో మళ్లీ ఓడించింది. కానీ ఆ ఒక్క ఉదాహరణ పట్టుకుని సూత్రం కట్టేవాళ్లు 1988ని మరచిపోతున్నారు. ఆ యూరో గ్రూప్ దశలో సోవియట్ యూనియన్ చేతిలో 1-0తో ఓడిన నెదర్లాండ్స్ ఫైనల్‌లో అదే జట్టు మీద 2-0తో గెలిచింది.

వీటన్నిటికన్నా పెద్ద ఉదాహరణ 1954 ప్రపంచకప్. గ్రూప్ దశలో హంగరీ 8-3తో పశ్చిమ జర్మనీని చిత్తు చేసింది. రెండు వారాల తర్వాత ఫైనల్‌లో మళ్లీ అవే జట్లు. ఆ 8-3 ఒక్కటే చూస్తే ఫైనల్ ఆడించాల్సిన అవసరమే కనబడదు. కానీ ఆ స్కోరు వెనక ఏముందో చూడాలి. జర్మన్ కోచ్ సెప్ హెర్‌బెర్గర్ ఆ రోజు ప్రధాన ఆటగాళ్లలో చాలామందిని పక్కన కూర్చోబెట్టాడు. ఆ మ్యాచ్‌లోనే హంగరీ కెప్టెన్ పుష్కాష్‌కు మడమ దగ్గర గాయమైంది, ఫైనల్‌కు పూర్తిగా కోలుకోకుండానే దిగాడు. జులై 4న బెర్న్‌లో వాన, మైదానం తడిసి ముద్దయింది. జర్మన్లకు బూట్ల కింద మార్చుకునే స్టడ్‌లున్నాయి, అంటే నేలలో దిగి జారకుండా ఆపే మొలలు, తడి నేలకు తగ్గట్టు పొడవైనవి బిగించుకున్నారు. ఎనిమిది నిమిషాలకే హంగరీ 2-0 ఆధిక్యంలోకి వెళ్లింది. అయినా 84వ నిమిషంలో హెల్ముట్ రాన్ గోల్‌తో జర్మనీ 3-2తో గెలిచింది.

కాబట్టి పాత మ్యాచ్ చూడండి, స్కోరు మాత్రం కాదు. ఆ రోజు ఎవరు ఆడారు, ఎవరు ఆడలేదు, ఏ వైపు నుంచి గోల్స్ పడ్డాయి, అవే ఆటగాళ్లు అదే చోట మళ్లీ ఉంటారా అన్నవి చూడండి.

ఓడినవాళ్లు నేర్చుకుంటారన్న సంగతి కూడా ఉంది. 2011 మహిళల ప్రపంచకప్ ఫైనల్‌లో అమెరికా జపాన్ చేతిలో పెనాల్టీల్లో ఓడింది. 2015 ఫైనల్‌లో మళ్లీ జపానే. మూడో నిమిషంలో అమెరికాకు మేగన్ రపీనో కార్నర్, అంటే మైదానం మూల నుంచి కొట్టే కిక్, తీసింది. ఎత్తుగా ఉన్న అమెరికన్ల తలలకు అందేలా బంతి గాల్లో వస్తుందని ఎవరైనా అనుకుంటారు. ఆమె నేల మీదుగా కొట్టింది. బాక్స్ బయటినుంచి పరుగెత్తుకొచ్చిన కార్లీ లాయిడ్ ఆ పరుగులోనే గోల్ చేసింది. ఇంకో రెండు నిమిషాలకు ఫ్రీ కిక్, అదీ తక్కువ ఎత్తులోనే, అదీ లాయిడ్ గోలే. పదహారు నిమిషాలకు స్కోరు 4-0, లాయిడ్ హ్యాట్రిక్ పూర్తి. చివరికి 5-2.

ఆఖరిది, పెనాల్టీలు లాటరీ. ఇది నాకు బొత్తిగా మింగుడుపడని మాట. లాటరీకి ఎవరూ ప్రాక్టీస్ చేయరు. 1976 యూరో ఫైనల్‌లో పశ్చిమ జర్మనీ గోల్‌కీపర్ సెప్ మాయర్ పక్కకు దూకాక మధ్యలోకి మెల్లగా బంతిని లేపి కప్పు గెలిపించిన చెకోస్లొవేకియా ఆటగాడు ఆంటొనిన్ పనెంకా, ఆ కిక్‌ను అంతకుముందు చాలాకాలం సాధన చేశాడు. యూరప్ క్లబ్‌ల టోర్నీ అయిన చాంపియన్స్ లీగ్‌లో 2012 ఫైనల్‌కు చెల్సీ గోల్‌కీపర్ పెట్ర్ చెక్ అవతలి జట్టు బయర్న్ మ్యూనిక్ ఆటగాళ్ల పాత పెనాల్టీల వీడియోలు చూసి వచ్చాడు. అదనపు సమయంలో బయర్న్ ఆటగాడు రాబెన్ కొట్టిన పెనాల్టీని ఆపాడు. షూటౌట్‌లోనూ ప్రతి కిక్‌కూ బంతి వెళ్లిన వైపే దూకాడు. అన్నీ ఆపలేదు, ఆపాల్సినన్ని ఆపాడు. అదృష్టం లేదని అనను, కానీ ఇది అదృష్టం ఒక్కటే కాదు.

మళ్లీ లుసైల్‌కు వస్తే, షూటౌట్‌లో రెండు జట్లూ కలిపి ఎనిమిది కిక్‌లు కొట్టాయి. అందులో ఐదు సబ్‌స్టిట్యూట్‌లు కొట్టినవి: అర్జెంటీనాకు డిబాలా, పరేదెస్, మోంటియెల్, ఫ్రాన్స్‌కు కోమాన్, కోలో ముయానీ. డిబాలాను స్కలోనీ 120వ నిమిషం దాటాక దించాడు, పెనాల్టీ కోసమే. కాబట్టి వచ్చే ఫైనల్‌కు ముందు పెనాల్టీల మాట వస్తే లాటరీ అని వదిలేయకండి. అదనపు సమయం అయ్యేసరికి రెండు జట్లలోనూ మైదానంలో ఎవరు మిగులుతారు, బెంచీ మీంచి ఎవరిని దించగలరు, వాళ్లలో పెనాల్టీ అలవాటున్నవాళ్లు ఎందరు అని అడగండి.